డాబా మీది కుషన్‌కు ఎండ పరీక్ష

ఆవకాయ కలిపిన రోజున పంచె మీద పసుపు మరక పడకుండా ఉండదు. సబ్బు రాస్తే అది ఎర్రబడుతుంది, రుద్దితే ఇంకాస్త పాకుతుంది. ఉతికి, తడిగుడ్డను అలాగే డాబా మీద ఆరేస్తే సాయంత్రానికి సగం పోతుంది. ఇంకో రెండు ఎండలు తగిలితే వెతికినా కనపడదు. ఆ మరకను తీసింది సబ్బు కాదు, ఎండ. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం వెలుతురుకు నిలవలేదు. దాని అణువు విరిగిపోతుంది, అణువు విరిగాక రంగు ఉండదు. పంచెకు ఇది మేలే. బాల్కనీ ఉయ్యాల మీద పరిచిన కుషన్‌కు అదే పని జరిగితే నష్టం. కుషన్ బట్టకు రెండు మూడేళ్లు పట్టవచ్చు, ఒక్క వేసవే చాలవచ్చు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో కొనేముందే పసిగట్టడం విజయవాడ లాంటి ఊళ్లో డబ్బుతో ముడిపడిన విషయం.

పటమట, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో బాల్కనీ ఉయ్యాల ఇప్పుడు మామూలు సామాను. మేడ మీద నడిచే హోటళ్లలో గొడుగులు, కుర్చీలు, దిండ్లు ఏడాది పొడవునా బయటే ఉంటాయి. వాటి బట్ట మీద ఏదో ఒక చీటీ ఉంటుంది. ‘యూవీ రెసిస్టెంట్’ అని ఒకదాని మీద, ‘1500 గంటలు’ అని ఇంకోదాని మీద, ‘గ్రేడ్ 4’ అని మరోదాని మీద. అమ్మేవాళ్లు వాటిని నమ్మకంగానే చెబుతారు, కొనేవాళ్లు నమ్మకంగానే వింటారు. కానీ ఆ అంకె ఏ పరీక్షలో వచ్చిందో తెలియనంతవరకు అది వట్టి అంకె. ఒకే బట్ట ఒక పరీక్షలో మొదటి వరసలో నిలిచి, మరో పరీక్షలో చిరిగిపోవచ్చు.

ముందు ఎండ సంగతి. బట్టను ఎక్కువగా దెబ్బతీసేవి అతినీలలోహిత (యూవీ) కిరణాలు. నేలకు చేరే ఈ కిరణాల తరంగదైర్ఘ్యం సుమారు 290 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉంటుంది. సూర్యుడి నుంచి మనకు అందే మొత్తం శక్తిలో వీటి వాటా 5 శాతం దగ్గరే అయినా దెబ్బ పెద్దది. తరంగం ఎంత పొట్టిదైతే అణువును విరిచే బలం అంత ఎక్కువ. కంటికి కనపడే వెలుతురు కూడా రంగులను కొంత తింటుంది. అందుకే కిటికీకి యూవీ ఫిల్మ్ అంటించినా కర్టెన్ రంగు పోవడం నెమ్మదిస్తుంది తప్ప పూర్తిగా ఆగదు.

విజయవాడ ఉన్నది 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్య కాలంలో నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ‘మాది ఉత్తరం బాల్కనీ, ఎండ రాదు’ అనే నమ్మకం ఆ మూడు నెలలూ పనిచేయదు. చలికాలమంతా నీడలో ఉన్న ఉయ్యాల సరిగ్గా ఎండ ముదిరే వేళకే వెలుతురులోకి వస్తుంది. ఆగస్టులో మబ్బు పట్టి చల్లగా ఉన్నప్పుడు కూడా ఈ కిరణాలు చెప్పుకోదగ్గంత మబ్బులోంచి దిగుతూనే ఉంటాయి. ఒంటికి తెలియకపోయినా బట్టకు తెలుస్తుంది.

దీనికి వేడి తోడవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. ప్రయోగశాల యంత్రాల్లో బట్టను త్వరగా ముసలిదాన్ని చేసేటప్పుడు, వేడిని కొలవడానికి పక్కన పెట్టిన నల్ల రేకు సుమారు 63 నుంచి 65 డిగ్రీలకు చేరేలా చూస్తారు. బందరు రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం ఆపిన బండి నల్ల సీటు దానికి తక్కువేమీ ఉండదు, కూర్చోబోయి లేచినవారందరికీ ఈ సంగతి తెలుసు. చల్లటి దేశాలకు యంత్రంలోని వేడి కాలాన్ని పరుగెత్తించడం అవుతుంది. ఇక్కడ వేసవిలో అది మామూలు మధ్యాహ్నమే. యంత్రం ఇచ్చిన ఫలితాన్ని ఇక్కడి వాళ్లు మరింత జాగ్రత్తగా చదువుకోవాల్సింది అందుకే.

ఎండ దెబ్బను రెండు రకాలుగా కొలవాలి. రంగు పోవడం ఒకటి, బలం పోవడం మరొకటి. ఈ రెండూ కలిసి నడవవు. మేడ మీద మూడేళ్లు పడి ఉన్న ప్లాస్టిక్ నవారు మంచాన్ని దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. దూరానికి నీలం నీలంగానే ఉంటుంది. చెయ్యి వేసి రాస్తే అరచేతికి తెల్లటి పొడి అంటుతుంది. నవారు అంచుల్లో సన్నటి పీచు లేచి వేళ్లకు గుచ్చుకుంటుంది. బొటనవేలితో నొక్కి వంచితే ఆ పట్టీ చిట్లుతుంది. రంగును మాత్రమే చూసే పరీక్ష ఈ మంచానికి మంచి మార్కులే వేస్తుంది, కూర్చున్న మనిషి మాత్రం కింద పడతాడు. తెల్ల బట్టలతో మరీ ఇబ్బంది, పోవడానికి రంగే లేదు కనుక ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు.

రంగుకు వేసే మార్కుల్లో ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. వెలుతురుకు రంగు నిలిచే గుణాన్ని కొలవడానికి నీలి ఉన్ని పట్టీలు వాడతారు. అవి ఎనిమిది. ఒక్కోదానికి ఒక్కో నీలి రంగు అద్దుతారు. 1వ పట్టీ అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది, 8వది అన్నిటికంటే ఆలస్యంగా. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వెలవడానికి పట్టే కాలం దాదాపు రెట్టింపవుతుంది. పరీక్షించాల్సిన బట్టను ఈ పట్టీల పక్కన పెట్టి, ఏ పట్టీతో సమానంగా వెలిసిందో చూసి ఆ అంకె ఇస్తారు. ఇది కాక బూడిద రంగు మెట్లు అని మరో కొలత ఉంది. ఎండ తగిలిన ముక్కకు, తగలని ముక్కకు తేడా ఎంతో 1 నుంచి 5 దాకా చెబుతుంది. 5 అంటే మార్పే లేదు. ఇప్పుడు ‘గ్రేడ్ 4’ అన్న చీటీని మళ్లీ చదవండి. 5కి 4 అయితే బాగుంది. 8కి 4 అయితే అది ఆరుబయట వాడే బట్టే కాదు, ఎందుకంటే 8వ మెట్టుకు, 4వ మెట్టుకు మధ్య దూరం దాదాపు 16 రెట్లు. బయట ఏడాదంతా ఉండే బట్టకు 8కి 7 అయినా ఉండాలి. కొట్టులో ఈ ఒక్క ప్రశ్న, ‘ఎనిమిదికా, ఐదుకా’ అన్నది అడిగితే చాలు, సగం గందరగోళం తీరుతుంది.

మిగతా సగం అద్దం దగ్గర ఉంది. బట్టల రంగుకు ప్రపంచమంతా ఎక్కువగా చేయించే పరీక్ష ఐఎస్ఓ 105-బి02 అనే అంతర్జాతీయ ప్రమాణం. మన దేశపు ప్రమాణాల్లో ఐఎస్ 2454 ఆ కోవదే. రెండింట్లోనూ జెనాన్ దీపం వాడతారు, దాని వెలుగు సూర్యుడి వెలుగుకు దగ్గరగా ఉంటుంది. అయితే బి02 పరీక్షలో ఆ వెలుగును కిటికీ అద్దంలోంచి వచ్చిన ఎండలా వడకట్టి బట్ట మీద వేస్తారు, నీళ్లు చల్లరు. అంటే అది గదిలో కిటికీ పక్కనున్న సోఫాకు, కర్టెన్‌కు తగిన పరీక్ష. మామూలు కిటికీ అద్దం సుమారు 310, 320 నానోమీటర్ల కంటే పొట్టి కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. ఆపేసిన ఆ కొద్ది భాగమే ఆరుబయట బట్టకు అసలు శత్రువు.

పాలియెస్టర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ పొట్టి కిరణాలనే అది గట్టిగా పీల్చుకుంటుంది. అద్దం వెనక ఉన్నంతకాలం పాలియెస్టర్ కర్టెన్ ఏళ్లకేళ్లు బాగుంటుంది. అదే బట్టను డాబా మీద గొడుగుకు కుట్టిస్తే పోగులు పెళుసెక్కడం మొదలవుతుంది. అద్దం చాటు పరీక్షలో దానికి వచ్చిన మంచి మార్కు అబద్ధం కాదు, వేరే చోటికి సంబంధించిన నిజం. నష్టపోయేది మాత్రం ఆ చీటీని చూసి కొన్నవాళ్లే.

ఆరుబయటకు తగిన పరీక్షలు వేరే ఉన్నాయి. ఐఎస్ఓ 105-బి04లో వెలుగుతోపాటు నీళ్ల చినుకులు ఉంటాయి. ప్లాస్టిక్‌లకు, పూతలకు వాడే ఐఎస్ఓ 4892-2, అమెరికావాళ్ల ఏఎస్‌టీఎం జీ155 కూడా జెనాన్ దీపం పరీక్షలే. వాటిలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం 102 నిమిషాలు పొడి వెలుగు, 18 నిమిషాలు వెలుగుతోపాటు నీళ్లు, ఇలా రెండు గంటలకో చుట్టు తిరుగుతుంది. నీళ్లు ఎందుకంటే తడి పోగును ఉబ్బిస్తుంది, ఎండ దాన్ని ఆరబెట్టి ముడుస్తుంది, విరిగిన అణువుల ముక్కలను వాన కడిగేసి కింది పొరను మళ్లీ ఎండకు అప్పగిస్తుంది. ట్యూబులైట్లలాంటి యూవీ దీపాలతో చేసే పరీక్ష ఇంకొకటుంది, చవక కూడా. అందులో యూవీఏ-340 అనే దీపం పొట్టి కిరణాల దగ్గర ఎండను బాగానే పోలుతుంది. యూవీబీ-313 దీపం మాత్రం నేల మీదికి అసలు రాని మరీ పొట్టి కిరణాలను కూడా వెదజల్లుతుంది. దాని ముందు మంచి బట్ట కూడా అకారణంగా ఓడిపోవచ్చు. కోయంబత్తూరులోని సిట్రా, ముంబైలోని బీటీఆర్ఏ, అహ్మదాబాద్‌లోని అటిరా వంటి వస్త్ర పరిశోధన సంస్థలకు బట్టల పరీక్షలే పని. పెద్ద హోటలుకు వందల మీటర్లు కొనేవాళ్లు నివేదిక అడగడంలో మొహమాటపడాల్సిన పని లేదు. అద్దం వడపోతతోనా, పగటి వెలుగు వడపోతతోనా అన్నది ఆ నివేదికలో రాసి ఉంటుంది.

ఇక గంటల లెక్క. 1500 గంటలు అంటే చాలా పెద్ద మాటలా వినిపిస్తుంది. కరెంటు బిల్లు యూనిట్లలో లెక్క కడితే ఆ మాట ఎంతదో తెలుస్తుంది. జెనాన్ దీపం పరీక్షలో 300 నుంచి 400 నానోమీటర్ల మధ్య చదరపు మీటరుకు 60 వాట్ల వెలుగు వేయడం పరిపాటి. 60 వాట్లు 1000 గంటలు వెలిగితే 60 యూనిట్లు, 1500 గంటలకు 90 యూనిట్లు. విజయవాడ డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్నవాళ్లకు ఇంకో అంకె పరిచయమే. చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున 5 యూనిట్ల పైచిలుకు ఎండ పడుతుంది. 5 యూనిట్లే అనుకుందాం. ఏడాదికి 1825. అందులో 5 శాతం అతినీలలోహిత కిరణాలు, అంటే దాదాపు 91 యూనిట్లు. 1500 గంటల పరీక్ష, విజయవాడలో పైకప్పు లేని డాబా మీద ఒక్క ఏడాది ఎండ, ఇంచుమించు ఒకటే. 1000 గంటల పరీక్ష ఎనిమిది నెలలకు సరిపోతుంది.

ఇది మోటు లెక్కే. వేడి, తేమ, పగలు రాత్రుల తేడా దీనిలోకి రావు. అయినా చీటీ మీది పెద్ద అంకెను నేల మీదికి దించడానికి పనికొస్తుంది. ‘1500 గంటలు పరీక్షించాం’ అంటే అయిదేళ్లు ఢోకా లేదని కాదు. ఒక ఏడాది ఎండకు సమానమైన వెలుగు వేశాక బట్ట ఎలా ఉందో చూశామని మాత్రమే. చూసినప్పుడు ఎలా ఉందన్నదే అసలు విషయం, చాలా చీటీలు దాన్ని చెప్పకుండా వదిలేస్తాయి. రోజుకు మూడు నాలుగు గంటల ఎండే పడే బాల్కనీకి కాలం ఎక్కువ వస్తుంది.

బట్టల రకాలకు వస్తే, రంగు ఎక్కడ ఉందన్నది మొదట చూడాలి. మామూలుగా నూలు వడికాకో బట్ట నేశాకో రంగు అద్దుతారు. అలా కాకుండా పోగు తీయకముందే, కరిగిన ముడి పదార్థంలోనే రంగు కలిపేసే పద్ధతి ఉంది. నూలు వ్యాపారంలో దీన్ని డోప్ డైడ్ అంటారు, బట్టల చీటీల మీద సొల్యూషన్ డైడ్ అని ఉంటుంది. కొండపల్లి బొమ్మను గీకితే రంగు కింద తెల్ల పొణికి కర్ర బయటపడుతుంది. దుగ్గిరాల పసుపు కొమ్మును ఎక్కడ విరిచినా లోపల పసుపే. డోప్ డైడ్ పోగు పసుపు కొమ్ము లాంటిది, పై పొర పోయినా కింద రంగు ఉంటుంది. అలాగని రంగు లోపలిదాకా ఉన్నంత మాత్రాన ఎండకు నిలుస్తుందని అనుకోకూడదు. కొమ్ము నిండా పసుపే ఉన్నా ఎండ ముందు ఆ రంగు బతకదని పంచె మీది మరకే చెప్పింది. రంగు లోపలిదాకా ఉండాలి, ఆ రంగు జాతి కూడా గట్టిదై ఉండాలి. డోప్ డైడ్ అక్రిలిక్‌లో ఈ రెండూ కుదురుతాయి, పైగా అక్రిలిక్ పోగుకే ఎండను ఓర్చుకునే గుణం సహజంగా ఎక్కువ. ఆరుబయట బట్టల్లో దానికి పెద్దపీట వేసింది అందుకే. ధర కూడా అలాగే ఉంటుంది.

పాలీప్రొపిలీన్ చవక, నీళ్లు పీల్చదు. కానీ ఉట్టిగా వదిలేస్తే ఎండకు అన్నిటికంటే ముందు లొంగేది అదే. అందులో కలిపే స్టెబిలైజర్ మందు మీదే దాని ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. ఆ మందు కలిపారా, ఎంత కలిపారు అన్నది కంటికి కనపడదు. పీవీసీ పూత వేసిన జాలీ బట్ట కుర్చీలకు బాగా పనికొస్తుంది, గాలి ఆడుతుంది. దానిలో మెత్తదనం కోసం కలిపిన నూనె లాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ ఎండకు బయటికి పోయి పూత బిరుసెక్కుతుంది. రెగ్జిన్ మడత దగ్గర పగలడం కూడా ఈ కారణంతోనే. నూలు కాన్వాస్ కూర్చోవడానికి హాయి, కానీ ఎండకు బలం తగ్గి, వానకు బూజు పట్టి రెండు వైపులా దెబ్బతింటుంది. ఏ బట్టలోనైనా లేత రంగు ముదురు రంగు కంటే త్వరగా వెలుస్తుంది, ఎందుకంటే అందులో పోవడానికి ఉన్న రంగే తక్కువ. ముదురు రంగు బట్ట మాత్రం ఎక్కువ వేడెక్కుతుంది. విజయవాడలో ఈ రెండింటి మధ్య, డోప్ డైడ్‌లో ఇసుక రంగు, బూడిద రంగు లాంటివి ఎంచుకోవడం తెలివైన పని.

చీటీలు ఒక్క మాటైనా చెప్పనిది దారం గురించి. చాలా కుషన్లు చచ్చేది బట్ట వల్ల కాదు, కుట్టు వల్ల. పై అంచున పైపింగ్ వెంబడి కుట్టు ఎండకు ఎదురుగా ఉంటుంది. మనిషి కూర్చున్న ప్రతిసారీ లాగుడంతా దాని మీదే. ఆ దారాన్ని గోటితో మీటితే పుటుక్కున తెగుతుంది, అరంగుళం లోపల నీడలో ఉన్న అదే దారం మాత్రం గట్టిగా ఉంటుంది. బట్ట నిక్షేపంగా ఉండి కుషన్ నోరు తెరుచుకుంటుంది. కుట్టించేటప్పుడు నూలు దారం వద్దని, ఎండకు తట్టుకునే మందపాటి పాలియెస్టర్ దారం వాడమని చెప్పాలి. ఆటోనగర్‌లో బండి సీట్లు కుట్టేవాళ్ల దగ్గర ఇలాంటి గట్టి దారం దొరికే అవకాశం మామూలు టైలరు దగ్గరకంటే ఎక్కువ. నాన్‌స్టిక్ పెనాలకు పూసే పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన దారం ఎండకు దాదాపు చెక్కుచెదరదు, ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. వేల రూపాయల బట్ట వేసి దారం దగ్గర వెనకాడటం సరి కాదు.

ప్రయోగశాలకు పంపే స్తోమత లేని ఇంటికి డాబాయే ప్రయోగశాల. వడియాలు ఆరబెట్టే చోటు చాలు. వస్త్రలత బట్టల బజారులోనో మరెక్కడో నచ్చిన బట్టల నుంచి జానెడు ముక్కలు అడిగి తెచ్చుకోవాలి. ఒక్కో ముక్కలో మూడో వంతు కోసి, కాగితంలో చుట్టి, తేదీ రాసి బీరువాలో పెట్టాలి. మిగిలినదాన్ని చెక్క మీద బిగించి, సగం భాగాన్ని అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, అంచులు టేపుతో మూసి, నీడ పడని చోట వెల్లకిలా ఉంచాలి. ఫాయిల్ కింది భాగానికి వేడి తగులుతుంది, వెలుతురు తగలదు. కాబట్టి ఆ రెండు సగాల తేడా ముఖ్యంగా వెలుతురు చేసిన పనిని చూపిస్తుంది, బీరువాలోని ముక్కతో పోలిస్తే వేడి చేసిన పని కూడా బయటపడుతుంది. కుట్టించబోయే దారంతో ముక్క మధ్యలో నాలుగు వరసల కుట్టు వేయించి పెడితే మరీ మంచిది. పోలిక కోసం ఇంట్లో ఉన్న మామూలు రంగు గుడ్డ ఒకటి పక్కన ఉండాలి, అదెంత త్వరగా వెలిసిందో చూస్తే మిగతావి ఎంత ఓర్చాయో తెలుస్తుంది.

పదిహేను రోజులకోసారి ఫాయిల్ ఎత్తి చూడాలి. చూసేది ఎండలో కాదు, ట్యూబులైటు కింద కాదు. ఉదయం పూట నీడలో, పగటి వెలుతురులో చూస్తే తేడా నిజంగా కనపడుతుంది. బలాన్ని చూడటానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. బట్ట అంచు నుంచి ఒక పడుగు (నిలువు) పోగు జాగ్రత్తగా లాగి, ఒక కొసను కొక్కేనికి, రెండో కొసను చిన్న బకెట్టు పిడికి కట్టి, గ్లాసుతో నీళ్లు పోస్తూ పోవాలి. పోగు తెగిన క్షణాన బకెట్టును నీళ్లతో సహా తూచితే అదే ఆ పోగు బలం. ఒక పోగుతో తీర్పు చెప్పకూడదు, కనీసం అయిదు పోగుల సగటు తీయాలి. ముడి దగ్గర తెగిన పోగును లెక్కలోకి తీసుకోకూడదు. ఎండ తగిలిన పోగులు బీరువాలోని పోగుల బలంలో సగానికి పడిపోతే, రంగు ఎంత నిగనిగలాడుతున్నా ఆ బట్టను కుర్చీకి వేయకపోవడమే మంచిది. నీళ్లు జారే పూత ఉన్న బట్టయితే నాలుగు చుక్కలు వేసి చూడాలి. మొదట్లో ముత్యాల్లా నిలిచిన చుక్కలు రెండో నెలలో బట్టలోకి ఇంకితే పూత పోయినట్టు.

ఈ పరీక్షకు మే మొదటి వారంలో ముక్కలు పెట్టి ఆగస్టు మొదటి వారంలో దించడం అన్ని విధాలా అనుకూలం. సూర్యుడు నడినెత్తికి వచ్చే రెండు సందర్భాలూ, అగ్ని కార్తె, రోహిణి కార్తె, ఆ తర్వాతి తొలకరి వానలు, వాన వెలిసిన వెంటనే కాసే ఎండ, అన్నీ ఆ మూడు నెలల్లోనే వస్తాయి. ఆగస్టులో దించిన ముక్కలను చూసి బట్ట తీసుకుంటే, వానలు తగ్గి బాల్కనీలో కూర్చునే చల్లటి రోజులు వచ్చేసరికి కుషన్లు కుట్టి సిద్ధంగా ఉంటాయి.